చేతి అచ్చు అందం వంకరల్లో ఉందా, పదార్థంలో ఉందా? (లెటర్‌ప్రెస్, లినో, చెక్క దిమ్మ, బట్ట అద్దకం)

#1 అచ్చుప్రియ

చేతి ముద్రణ గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒకే మాట దగ్గర ఆగుతారు: "ఏ రెండు ప్రతులూ ఒకేలా ఉండవు, ఆ చిన్న చిన్న తేడాలే అందం" అని. ఈ జవాబు నాకు చాలడం లేదు. తేడాలే కావాలంటే కంప్యూటర్‌లో పుట్టించొచ్చు, పుట్టిస్తున్నారు కూడా. అరిగిపోయినట్టు కనిపించే ఫాంట్లు, సిరా చెదిరినట్టు చూపించే ఫిల్టర్లు కావలసినన్ని ఉన్నాయి. అయినా అవి చేతిలోకి తీసుకుంటే లెటర్‌ప్రెస్ (ఎత్తుగా ఉన్న అక్షరాలకు సిరా రాసి కాగితాన్ని నొక్కే అచ్చు) కార్డు పట్టుకున్నట్టు ఉండదు.

పని తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి రెండు అడుగుతున్నాను. ఒకటి, మీ మీ పద్ధతిలో కంటికి, వేలికి తెలిసే ఆ గుణం దేనివల్ల వస్తుంది? రెండు, అది పాడయ్యేది ఎక్కడ? దయచేసి కొలతలతో, కారణాలతో చెప్పండి.

#2 కూర్పరి

ముందుగా ఒక మాట. వంకరే అందం అంటే నేను ఒప్పుకోను. కంపోజిటర్ (సీసపు అక్షరాలు పేర్చేవాడు) చదువంతా వంకర రాకుండా చూడడమే. బాగా తీసిన లెటర్‌ప్రెస్ పేజీలో అక్షరాల వరుస గీత గీసినట్టు ఉంటుంది, సిరా పేజీ అంతటా ఒకే నలుపులో ఉంటుంది. అందం వచ్చేది ఎత్తుగా ఉన్న లోహం కాగితాన్ని నిజంగా నొక్కడం వల్ల. ఆ ఒత్తిడికి సిరా అక్షరం అంచులకు జరిగి, చుట్టూ సన్నటి చిక్కని గీతలా పేరుకుంటుంది. లోపలి భాగం కాస్త పలచగా ఉంటుంది. మనకు అక్షరం "పదునుగా" కనిపించేది ఆ అంచు వల్లే. ఆఫ్‌సెట్‌లో సిరా ముందు రబ్బరు దుప్పటి మీదికి, అక్కణ్ణుంచి కాగితం మీదికి వెళ్తుంది కాబట్టి ఈ అంచు ఏర్పడదు.

ఇక కొలతలు. ఇంగ్లండు, అమెరికా కొలతల్లో టైపు (ఒక్కో అక్షరానికి పోతపోసిన లోహపు ముక్క) ఎత్తు 0.918 అంగుళం, అంటే సుమారు 23.3 మి.మీ. ఫారంలో (అచ్చుకు సిద్ధంగా పేర్చిన పేజీలో) ఉన్న ప్రతి అక్షరం, బొమ్మ బ్లాకు, గీత వేసే రూలు ఆ ఎత్తులోనే ఉండాలి. టైపు లోహంలో ఎక్కువ భాగం సీసం. గట్టిదనం కోసం యాంటిమనీ, పోతలో సన్న మూలల్లోకి కూడా పారడానికి తగరం కలుపుతారు. గట్టిగా ఉన్నా ఇది సీసమే, నేల మీద పడితే మొహం (అచ్చుపడే వైపు) చెడుతుంది.

కూర్పు: స్టిక్ (లైను పేర్చుకునే చిన్న లోహపు పళ్ళెం) ఎడమ చేతిలో ఉంటుంది. అక్షరాలు తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ వెళ్ళాలి. ప్రతి టైపుకూ ఒక పక్క ఉండే గాడి పైకి కనిపించాలి. గాళ్ళన్నీ ఒకే వరుసలో లేకపోతే వేరే ఫాంటు అక్షరం కలిసినట్టో, టైపు తిరగబడినట్టో లెక్క. లైను నిండాక స్టిక్‌లో అది పడిపోకుండా నిలబడాలి, వేలితో నెడితే జరగాలి. అంత బిగువు చాలు. వదులుగా కూరిస్తే ఫారం బిగించాక టైపు జారుతుంది. బలవంతంగా కుక్కితే పక్క లైన్లు వదులవుతాయి, ఎందుకంటే చేజ్‌లో (ఫారం బిగించే ఇనుప చట్రంలో) బిగువంతా పొడవైన లైనే తీసుకుంటుంది.

బిగింపులో రెండు వైపుల మాత్రమే కోయిన్లు (బిగించే సాధనాలు) పెట్టాలి, మిగతా రెండు వైపుల ఫర్నిచర్ (ఖాళీ నింపే దిమ్మలు). ముందు వేలితో తిప్పగలిగినంత బిగించి, ప్లేనర్ దిమ్మను టైపు మీద ఆనించి మ్యాలెట్‌తో మెల్లగా తట్టాలి. ఆ తర్వాతే పూర్తి బిగువు. పూర్తిగా బిగించాక తడితే ఎత్తుగా ఉన్న టైపు కిందికి దిగదు, దాని మొహం నలుగుతుంది. చివరగా చేజ్ ఒక మూల కింద కోయిన్ తిప్పే తాళంచెవి పెట్టి, ఫారం మీద వేళ్ళతో నొక్కి చూడాలి. ఏ అక్షరం కదిలినా విప్పి, ఆ లైనుకి సన్నటి స్పేసు చేర్చాలి.

తెలుగు టైపులో ఇంకో ఇబ్బంది ఉంది. గుణింతాలు, వత్తులు కలిపి కేసులో (టైపు పెట్టుకునే పెట్టెలో) గళ్ళు వందల్లోకి పోతాయి. బాడీ (టైపు దిమ్మ) దాటి పక్కకు చొచ్చుకొచ్చే సన్న భాగాలున్న అక్షరాలు ముందుగా విరుగుతాయి. ప్యాకింగ్ (ఒత్తిడి కోసం కాగితం వెనక పెట్టే పొరలు) ఎక్కువ పెట్టేవాళ్ళ చేతిలో అవి తొందరగా పోతాయి. తెలుగు లిపిలో తొలి అచ్చు పుస్తకాలు 1746–47 ప్రాంతంలో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలేలో వేయించాడు. అప్పటినుంచి రెండు వందల ఏళ్ళకు పైగా ఈ లిపి సీసంలోనే నడిచింది.

#3 గాడిగీత

కూర్పరి గారు చెప్పినదానికి లినో (లినోలియం పలకను ఉలితో చెక్కి తీసే అచ్చు) వైపు నుంచి కలుపుతాను. ఇక్కడ గుణం పుట్టేది తొలగింపులో. పెన్సిల్‌తో నల్ల గీత కలుపుతాం, ఉలితో తెల్ల గీత తీస్తాం. అందుకే మంచి లినో ముద్ర చూడగానే గీసిన బొమ్మ కాదని తెలిసిపోతుంది. గీత ఒక చోట సన్నగా మొదలై, ఉలి దిగిన కొద్దీ వెడల్పై, ఉలి లేచిన చోట మళ్ళీ సన్నబడుతుంది. ఈ ఆకారం చేతి ఒత్తిడిది.

లినోలియం ఫ్రెడరిక్ వాల్టన్ 1860లలో నేల మీద పరచడానికి తయారుచేసిన సరుకు. ఆక్సీకరణ చెందిన అవిసె నూనె, కార్క్ (బెండు) పొడి, రంగు పొడి కలిపి జనపనార గుడ్డ మీద అద్దుతారు. ముద్రణకు వాడేది ఎక్కువగా 3.2 మి.మీ. మందంది. పాతబడ్డ లినో గట్టిపడి, చెక్కుతుంటే పొడిగా రాలుతుంది. ఎండలో కాసేపు ఉంచినా, వేడి నీళ్ళ సీసా కింద పెట్టినా మెత్తబడుతుంది. అయినా రాలుతూనే ఉంటే దాంట్లో నూనె పూర్తిగా ఎండిపోయినట్టే, ఆ ముక్కను వదిలేయండి.

చెక్కడంలో అందరూ మర్చిపోయేది గాడి గోడల వాలు. మిగిల్చే గీతకు రెండు వైపులా గోడ బయటికి వాలి ఉండాలి, అంటే గీత అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. ఉలిని పక్కకు వంచి లోపలికి కోస్తే గీత కింద ఖాళీ పడుతుంది. పది ప్రతులయ్యేసరికి ఆ గీత ఒరిగిపోతుంది, తర్వాత ఊడిపోతుంది.

కొత్త లినో పైన సన్నటి పూత ఉంటుంది, సిరాను సరిగ్గా పట్టదు. 400 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడవాలి. ఉలికి పదును తగ్గితే లినో కోసుకోదు, చిరుగుతుంది. అరగంటకోసారి తోలు మీద పాలిష్ ముద్ద రాసి నాలుగైదు సార్లు లాగితే చాలు. పదును పోయిన ఉలి మీద బలం ఎక్కువ పెడతాం, అది జారిందంటే ఎడమ చెయ్యి తెగుతుంది. కాబట్టి చెక్కే దిశలో రెండో చెయ్యి ఎప్పుడూ ఉండకూడదు.

#4 అచ్చుప్రియ

గాడిగీత గారూ, పెద్ద నల్ల భాగాలు ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలతో రావడానికి కారణం ఏమిటి? సిరా పెంచితే సన్న గీతలు పూడుకుపోతున్నాయి.

#5 గాడిగీత

చుక్కలకు మూడు కారణాలుంటాయి, ఒక్కొక్కటే మార్చి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

మొదటిది సిరా పరిచే తీరు. ఒక్కసారిగా మందంగా రాస్తే గాళ్ళు పూడుతాయి, నల్ల భాగమూ సమంగా రాదు. పలచటి పొరలు నాలుగైదు వేయాలి. ప్రతి పొరకూ రోలర్‌ను గాజు పలక మీద మళ్ళీ తిప్పుకొని, దిశ మార్చి రాయాలి. 10×15 సెం.మీ. దిమ్మకు చిన్న చెంచాలో సగం సిరా ఎక్కువే. చెవికి కూడా తెలుస్తుంది. గాజు మీద రోలర్ సన్నగా "సుయ్" మంటే సరి, చప్పరింపు శబ్దం వస్తుంటే సిరా ఎక్కువైంది. మొదటి రెండు మూడు ప్రతులు పలచగానే వస్తాయి, ఎందుకంటే లినో ఇంకా సిరా తాగుతోంది. వాటిని చూసి సిరా పెంచేస్తే అయిదో ప్రతికి గీతలు పూడుతాయి.

రెండోది కాగితం. చేత్తో రుద్ది తీసేటప్పుడు 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు గ్రాములు) మందపాటి, గరుకు తలమున్న కాగితం పనికిరాదు. 30–60 జి.ఎస్.ఎం. కోజో (జపాన్ మల్బరీ నార) రకం పలచని కాగితం తీసుకోండి. నారలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి వెనక రుద్దినా చిరగదు, సిరా వెనక నుంచి లీలగా కనిపిస్తుంది. ఎక్కడ అంటలేదో రుద్దుతూనే చూసుకోవచ్చు. మందపు కాగితమే కావాలంటే ప్రెస్సు ఉండాలి, కాగితాన్ని కొంచెం తడపాలి.

మూడోది సిరా బిగువు. మరీ బంకగా ఉంటే ఒక చుక్క అవిసె నూనె. మరీ జారుగా ఉండి గీతల్లోకి పారుతుంటే మెగ్నీషియం కార్బొనేట్ పొడి చిటికెడు. రెండూ ఒకే ముద్దలో కలపకండి, ఏది పనిచేసిందో తెలియదు.

ఒకే దిమ్మతో మూడు నాలుగు రంగులు తీసే పద్ధతి ఉంది, ప్రతి రంగుకూ అదే దిమ్మను ఇంకాస్త చెక్కుతూ పోవడం. 1950ల చివర పికాసో లినోలో ఇదే దారి పట్టాడు. ఇందులో వెనక్కి వెళ్ళడం ఉండదు. కావలసినన్ని ప్రతులకు పైన మరో పావు వంతు కాగితాలు మొదటి రంగులోనే వేసి పెట్టుకోండి. రంగుకీ రంగుకీ మధ్య నూనె సిరా ఆరడానికి రెండు నుంచి అయిదు రోజులు. తడిమీద వేస్తే కింది రంగు దిమ్మకు అంటుకుని లేచి వస్తుంది. వారాలు వదిలేసి మెరిసేలా గట్టిపడ్డాక వేస్తే పై రంగు నిలవక ముత్యాల్లా విడిపోతుంది.

#6 భూతద్దం

చూసేవాళ్ళ వైపు నుంచి. పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం ఒకటి ఉంటే ఈ చర్చలో సగం తేలిపోతుంది.

లెటర్‌ప్రెస్ అయితే అక్షరం అంచున చిక్కని సిరా గీత, గట్టిగా నొక్కినదైతే వెనక వేలికి తగిలే గుబ్బ. ఆఫ్‌సెట్ ఫొటో అయితే నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా గుంపులుగా. ఇంక్‌జెట్ అయితే అంచు దగ్గర చెల్లాచెదురు చుక్కలు, కాగితం నారలోకి సన్నగా పాకిన రంగు. లినో, చెక్క అయితే చుక్కలే ఉండవు, ఒక రంగు అంటే ఒకటే నిండు పొర.

బట్ట మీద మొదట చూడాల్సింది వెనక వైపు. పిగ్మెంట్ రంగును సన్న తెర గుండా నెట్టి (స్క్రీన్) వేసిన నకిలీ అద్దకంలో రంగు పైపొరలోనే ఉంటుంది, వెనక వెలవెలబోతుంది, చేత్తో నలిపితే అట్టకట్టినట్టు ఉంటుంది. పటిక అచ్చు వేసి, తర్వాత రంగులో ఉడికించిన బట్టలో రంగు నూలు లోపలే పుడుతుంది కాబట్టి వెనక కూడా బొమ్మ దాదాపు అంతే బలంగా కనిపిస్తుంది. రెండోది అతుకు. ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు పడిన చోట ఒక వెంట్రుకవాసి నలుపు ఎక్కువో తక్కువో ఉంటుంది, అది చోటు చోటుకీ మారుతుంది. అదే "తప్పు" బట్ట పొడవునా ఒకే దూరంలో అచ్చంగా అలాగే మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది చేతి అచ్చును చూసి స్క్రీన్‌కు ఎక్కించింది.

#7 చిరువేరు

బట్ట సంగతి నేను చెప్తాను. అడిగిన ప్రశ్నకు అతి బలమైన జవాబు ఇక్కడే దొరుకుతుందని నా నమ్మకం. కాగితం మీద సిరా పైన కూర్చుంటుంది. మోర్డెంట్ అద్దకంలో అచ్చుతో వేసేది అసలు రంగు కాదు. రంగును పట్టుకునే ఉప్పును (పటిక, ఇనుము లవణాలను) అచ్చు వేస్తాం. రంగు తర్వాత తొట్టిలో, బట్ట నారలోపల పుడుతుంది. అందుకే ఆ ఎరుపులో లోతు. పెడన, మచిలీపట్నం కలంకారీకైనా, రాజస్థాన్‌లోని బగ్రూ అచ్చులకైనా, కచ్, సింధ్ ప్రాంతాల అజ్రఖ్‌కైనా మూలసూత్రం ఇదే.

ఒక కిలో నూలు బట్టకు లెక్క చెప్తాను.

ముందు గంజి, మైనం పోవాలి. 20 గ్రాముల వాషింగ్ సోడా, కాస్త సబ్బు వేసి 20–25 లీటర్ల నీళ్ళలో గంట నుంచి రెండు గంటలు ఉడికించాలి. నీళ్ళు టీ రంగులోకి మారతాయి. ఆరాక బట్ట మీద ఒక నీటి చుక్క వేయండి. చటుక్కున ఇంకిపోతే సరి. బొట్టులా నిలబడితే మళ్ళీ ఉడికించాలి. తర్వాత వచ్చే మచ్చల్లో చాలా భాగం ఈ పనిని తొందరగా ముగించడం వల్ల వచ్చేవే.

ఆ తర్వాత కరక్కాయ. బట్ట బరువులో 15–20 శాతం, అంటే కిలోకు 150–200 గ్రాముల పొడి. గోరువెచ్చని నీళ్ళలో కలిపి, బట్టను గంటసేపు కలియబెడుతూ ముంచి, సమంగా పిండి, జాడించకుండా ఎండలో పరిచి ఆరేయాలి. బట్ట వెన్న రంగుకు వస్తుంది. దీని పనేమిటంటే, పటికకు నూలు నారతో నేరుగా పెద్ద సంబంధం లేదు. కరక్కాయలోని టానిన్ నారకు అంటుకుని, పటికను పట్టుకుంటుంది. మధ్యలో ఎక్కడైనా బట్ట మడత పడి ఆరితే ఆ మడత గీత చివరి ఎరుపులో కూడా కనిపిస్తుంది. ఇనుప తీగ మీద ఆరేస్తే నల్ల మచ్చ ఖాయం, అది పోదు.

నల్ల రంగు: 10 లీటర్ల నీళ్ళలో ఒక కిలో బెల్లం, మూడు నాలుగు కిలోల తుప్పుపట్టిన ఇనుప ముక్కలు వేసి మూత వదులుగా పెట్టి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. పైన నురగ కట్టి, పుల్లటి వాసన వచ్చి, ఆ తర్వాత నురగ తగ్గాలి. వడకట్టి, చింతగింజల పొడితో చిక్కబరచాలి. కరక్కాయ పట్టిన బట్ట మీద పడగానే బూడిద రంగు, చూస్తుండగానే నలుపు. ఇనుము మోతాదు ఎక్కువైతే నలుపు ఇంకా బాగా వస్తుంది కానీ అది బట్ట నారను తింటుంది. పాత అద్దకం బట్టల్లో నల్ల గీతలు ఉన్న చోటే చిల్లులు పడడం చూస్తుంటాం, కారణం ఇదే.

ఎరుపు కోసం లీటరు నీటికి 100–150 గ్రాముల పటిక, తుమ్మ బంకతో చిక్కదనం. ఇది దాదాపు రంగులేని ముద్ద. ఎక్కడ వేశామో కంటికి కనపడేందుకు కడిగితే పోయే రంగు చిటికెడు కలుపుతారు. ముద్ద చిక్కదనం వేలి మధ్య తేనెలా సాగాలి. పలచనైతే అచ్చు అంచు దాటి పాకుతుంది, చిక్కనైతే అచ్చు సన్న గాళ్ళు మూసుకుపోతాయి.

అచ్చు వేసిన బట్టను వెంటనే కడగకూడదు. రెండు మూడు రోజులు గాలికి వదలాలి. ఆ సమయంలో ఉప్పు నారకు కుదురుకుంటుంది. తర్వాత పారే నీటిలోనే జాడించాలి. తొట్టిలో నిలవ నీళ్ళలో ముంచితే, వదులుగా ఉన్న పటిక నీళ్ళలోకి వచ్చి తెల్లగా ఉండాల్సిన నేలను (బట్టలో అచ్చు పడని భాగాన్ని) పట్టుకుంటుంది. రంగులో ఉడికించాక నేలంతా గులాబీ మరకే. నీటి వసతి ఉన్న చోటే ఈ పని కుదురుకోవడానికి కారణం ఇదే.

రంగు తొట్టి: మంజిష్ఠ వేరు పొడి అయితే బట్ట బరువులో సగం నుంచి సమాన బరువు వరకు. చల్లని నీటిలో మొదలుపెట్టి గంటకు పైగా సమయం తీసుకుని 60–70 డిగ్రీలకు తేవాలి. మరిగిస్తే వేరులోని గోధుమ రంగులు కూడా దిగి ఎరుపు మట్టిరంగు అవుతుంది. రసాయనికంగా చేసిన ఎర్ర రంగు అలిజరిన్‌కు ఆ భయం లేదు, మరిగించొచ్చు. నీటిలో సున్నపు అంశ కొంచెం ఉంటే ఎరుపు తేరుతుంది. ఇనుము జాడ ఉంటే మసకబారుతుంది. రాగి లేక స్టీలు పాత్ర వాడాలి.

ఈ వరుస అంతా కొత్తది కాదు. కోరమాండల్ తీరంలో ఉన్న కూర్దూ అనే ఫ్రెంచ్ పాద్రి 1742లో ఇక్కడి అద్దకం పద్ధతిని వివరంగా లేఖలో రాసి పంపాడు. అప్పటికి ఫ్రాన్సులో 1686 నుంచి ఈ రకం బట్టల మీద నిషేధం ఉంది, 1759 దాకా కొనసాగింది. ఇంగ్లండు 1721లో చట్టమే తెచ్చింది. అక్కడివాళ్ళ ఉన్ని, పట్టు నేత పనులు నిలబడలేకపోతున్నాయనే. ఉతికినా పోని రంగు వాళ్ళను అంతగా కట్టిపడేసింది.

#8 తడికాగితం

కూర్పరి గారూ, "వంకర వద్దు" అన్న మీ మాటకు చిన్న సవరణ. జపాన్ చెక్క ముద్రణలో సమం కాని పొరను కావాలని తెచ్చే పద్ధతులున్నాయి. గోమాజురి అని, నువ్వులు చల్లినట్టుండే చుక్కల పొర. బియ్యపు జిగురు తగ్గించి, బారెన్‌ను (కాగితం వెనక రుద్దే గుండ్రటి మెత్తను) తేలిగ్గా తిప్పితే వస్తుంది. చెక్క నార గీతలు కనపడేలా తీయడం ఇంకో పద్ధతి. కానీ వంద ప్రతులు తీస్తే వందలోనూ ఆ చుక్కలు అదే చోట, అంతే దట్టంగా రావాలి. ముద్రకుడి నైపుణ్యం అక్కడ ఉంటుంది. అదుపు తప్పితే వచ్చిన చుక్కలకూ, అదుపులో ఉంచి తెచ్చిన చుక్కలకూ తేడా చూడగానే తెలుస్తుంది.

ఈ పద్ధతిలో నూనె సిరా లేదు, రోలర్ లేదు. చెర్రీ చెక్క దిమ్మ మీద బ్రష్‌తో నీటి రంగు, బఠాణీ గింజంత బియ్యపు జిగురు వేసి కలిపి పరుస్తారు. కాగితం తడిగా ఉంటుంది. రంగు పైన పొరలా నిలవదు, నారలోకి దిగుతుంది. చిరువేరు గారు బట్ట గురించి చెప్పిందే ఇక్కడా జరుగుతుంది. అందుకే ఆ నీలాలు కాగితం లోపలి నుంచి వెలుగుతున్నట్టుంటాయి.

తడి సమంగా ఉండడమే సగం పని. ముందురోజు సాయంత్రం ఒక కాగితం తడిపి, ఒకటి పొడిది, మళ్ళీ ఒకటి తడిది పేర్చి, ప్లాస్టిక్ చుట్టి, పైన బరువు పెట్టాలి. తెల్లారేసరికి తడి అన్నిటికీ సమంగా పాకుతుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, మెరుపు కనపడకూడదు. పని మధ్యలో కాగితం ఆరితే కుంచించుకుపోతుంది. మూడో రంగు వచ్చేసరికి ఒక మి.మీ. పక్కకు పడుతుంది. గురి తప్పిందని దిమ్మను తిడతారు గానీ తప్పు కాగితం తడిది.

గురి కోసం దిమ్మలోనే రెండు గాట్లు చెక్కుతారు, కెంతో అంటారు. ఒకటి మూలకు, ఎల్ ఆకారంలో. రెండోది పక్కన గీతలా. ప్రతి రంగు దిమ్మలోనూ అవి అదే చోట ఉంటాయి. జపాన్ చిత్రకారుడు సుజుకి హరునొబు కాలంలో, 1765 నుంచి, పది రంగుల దాకా ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టింది ఈ రెండు గాట్లే. ఇంతకన్నా తేలికైన గురి సాధనం ఇంకా రాలేదని నా అభిప్రాయం.

#9 కూర్పరి

తడికాగితం గారి సవరణ న్యాయమైనదే, తీసుకుంటున్నాను. "ఒకేలా పునరావృతం చేయగలగడం" అంటే నా మాట కూడా సరిగ్గా కుదురుతుంది.

తడి కాగితం ప్రస్తావన వచ్చింది కాబట్టి. హ్యాండ్ ప్రెస్సు రోజుల్లో పుస్తకాలూ తడి కాగితం మీదే వేసేవారు. మెత్తబడిన నారలోకి అక్షరం తక్కువ సిరాతో, తక్కువ ఒత్తిడితో దిగుతుంది.

#10 కొత్తగాలి

పెళ్ళి కార్డుల్లో అక్షరాలు బాగా లోపలికి దిగి గుంటలు పడేలా ఉంటున్నాయి కదా. అదే అసలైన లెటర్‌ప్రెస్ గుర్తు అనుకున్నాను. కాదా?

#11 కూర్పరి

లెటర్‌ప్రెస్సే, కానీ పాత అచ్చుపనివాళ్ళు దాన్ని గొప్పగా చెప్పుకునేవారు కాదు. సీసపు టైపుతో పుస్తకం వేసేటప్పుడు అక్షరం కాగితాన్ని తాకాలి, వెనక్కి పొడుచుకు రాకూడదు. గుంట పడేంత ఒత్తిడిలో టైపు అరుగుతుంది, సన్న కొసలు విరుగుతాయి. గుంట కోరుకునేవాళ్ళు ఫొటోపాలిమర్ (ప్లాస్టిక్ లాంటి) ప్లేటు వాడాలి, అది అరిగితే మళ్ళీ చేయించుకోవచ్చు. సీసపు టైపు పోతే ఆ ఫాంటు అంతటితో సరి.

గుంట కావాలన్నా ఒత్తిడితోనే రాదు. కాగితం మెత్తగా, దూదిలా ఉండాలి. నూలు గుజ్జుతో చేసిన 300 జి.ఎస్.ఎం. నుంచి పైకి, 600 దాకా వాడతారు. టింపన్ (ప్రెస్సులో కాగితం ఆనే పొర) కింద మెత్తటి ప్యాకింగ్ పెడితే గుంట అంచులు గుండ్రంగా, మొద్దుగా వస్తాయి. గట్టి ప్యాకింగ్‌తోనే పదునైన అంచు వస్తుంది. రెండు వైపులా వేయాల్సిన కార్డుకు గుంట పద్ధతి ఎంచుకోకండి, వెనక అక్షరాలు ముందు వైపును చెడగొడతాయి.

ఇక మేక్‌రెడీ, అంటే ఒత్తిడి అంతటా సమం చేసుకోవడం. ఒక ప్రూఫ్ తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. ఎక్కడ వెలిసినట్టు ఉందో అక్కడ టింపన్ కింద సన్నటి టిష్యూ ముక్క అంటించాలి. ఒకటి చాలకపోతే ఇంకోటి, కొంచెం చిన్నది. అంచులు చింపాలి, కత్తిరించకూడదు. కత్తిరించిన అంచు ముద్రలో గీతలా కనిపిస్తుంది. మొత్తం ఫారానికి ప్యాకింగ్ పెంచేసి వెలిసిన అక్షరాన్ని లేపుదామనుకోవడం అందరికన్నా ఎక్కువ టైపును చంపిన అలవాటు.

రోలర్ల ఎత్తు కూడా చూడండి. టైపు ఎత్తు ఉన్న గేజ్ మీద రోలర్ ఆనిస్తే సుమారు 3 మి.మీ. వెడల్పు సిరా పట్టీ పడాలి. పట్టీ వెడల్పైతే రోలర్ కిందికి ఉంది, అక్షరం భుజాలకూ సిరా అంటి ముద్రలో మురికిగా వస్తుంది.

#12 సిల్కుతెర

స్క్రీన్ ప్రింటింగ్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. స్క్వీజీ (సిరాను తెర గుండా నెట్టే రబ్బరు పట్టీ) చేత్తోనే లాగుతాం.

#13 గాడిగీత

తప్పకుండా చేతి ముద్రణే. దాని గుణం వేరు, సిరా పొర మందం. మిగతా పద్ధతుల్లో అంత మందం రాదు, అందుకే ముదురు కాగితం మీద తెలుపు నిండుగా నిలిచేది స్క్రీన్‌లోనే. తెరకూ కాగితానికీ మధ్య 2–3 మి.మీ. ఖాళీ ఉంచండి. లేకపోతే స్క్వీజీ దాటాక తెర కాగితాన్ని వెంటనే వదలదు, అంచులు చెదురుతాయి. లోతైన సంగతులకు వేరే చర్చ తెరిస్తే బాగుంటుంది.

#14 అచ్చుప్రియ

ఇంతవరకు విన్నదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: సిరా లేదా రంగు పదార్థంలో ఎక్కడ నిలుస్తుందన్నదే అసలు సంగతి. అంచున పేరుకోవడం, నారలోకి దిగడం, నారలోపలే పుట్టడం. కంప్యూటర్ తెరమీద దీన్ని నకలు చేయలేం.

చివరిగా చిరువేరు గారికి ఒక ప్రశ్న. చెక్క అచ్చు గురించి మీరు చెప్పలేదు. వాడుతుంటే అంచులు పగలడం, మధ్య భాగం అంటకపోవడం ఎందుకు వస్తాయి?

#15 చిరువేరు

అచ్చుకు టేకు గానీ షీషం (రోజ్‌వుడ్ జాతి) చెక్క గానీ వాడతారు, బాగా ఎండినదై ఉండాలి. పచ్చి చెక్క మీద చెక్కితే నెల తిరిగేసరికి వంకర పోతుంది. మొహం చదును కాని అచ్చు ఎంత కొట్టినా ఒక మూల అంటదు. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, దానిమీద చెక్క మొహాన్ని తిప్పి తిప్పి చదును చేశాకే గీత ఎక్కించాలి. చెక్కే లోతు కనీసం 6–8 మి.మీ. ఉండాలి. తక్కువైతే ముద్ద అడుగున పేరుకుని నేలకూ అంటుతుంది.

మధ్య భాగం అంటకపోవడానికి ఎక్కువగా గాలే కారణం. పెద్ద నిండు భాగమున్న అచ్చు తడి ముద్ద మీద పడినప్పుడు లోపలి గాలికి బయటికి దారి ఉండదు. అందుకే వెనక నుంచి మొహం గాళ్ళలోకి సన్నటి రంధ్రాలు తొలుస్తారు. మీ అచ్చుకు ఆ రంధ్రాలు ఉండి కూడా అంటకపోతే, ఎండిన ముద్దతో అవి పూడుకున్నాయేమో చూడండి. రెండో కారణం బల్ల. బల్ల మీద గోనె పట్టా, దానిపైన నాలుగైదు పొరల మెత్తటి గుడ్డ, పైన గట్టిగా లాగి కట్టిన నూలు గుడ్డ ఉండాలి. ఆ మెత్తదనమే అచ్చులోని వెంట్రుకవాసి ఎత్తుపల్లాలను సర్దుతుంది. నేరుగా చెక్క బల్ల మీద వేస్తే సర్దే వీలుండదు.

రంగు పళ్ళెంలోనూ ఇంతే. ముద్ద మీద నేరుగా అచ్చు ముంచకూడదు. పళ్ళెంలో ముద్ద పోసి, వెదురు పుల్లల అల్లిక, దానిపైన గొంగళి ముక్క, ఆపైన పలచని గుడ్డ పరచాలి. అచ్చు ఆ గుడ్డను రెండుసార్లు తాకితే మొహానికి మాత్రమే పలచగా అంటుతుంది. పక్కలకు అంటితే గీతలు లావెక్కుతాయి.

అంచులు పగలడం నూనె లేక. కొత్త అచ్చును వాడకముందు వారం పది రోజులు నూనెలో నానబెట్టాలి, ఆవనూనె వాడేవాళ్ళు ఎక్కువ. తర్వాత తుడిచి నీడలో ఆరనివ్వాలి. పని అయిన ప్రతి రోజూ మెత్తటి బ్రష్‌తో నీళ్ళలో కడిగి, మొహం పైకి కాకుండా పక్కకు నిలబెట్టి ఆరబెట్టాలి. ఎండలో పెడితే మొహం ఒక వేగంతో, వెనక భాగం ఒక వేగంతో ఎండి నెర్రె పడుతుంది. ఇనుపముద్దకు వాడిన అచ్చును పటికకు ఎప్పుడూ వాడొద్దు, ఎంత కడిగినా. చెక్కలో మిగిలిన ఇనుము పటికలోకి దిగి ఎరుపును ఊదాగా మారుస్తుంది. నలుపు అచ్చులు, ఎరుపు అచ్చులు వేరు వేరు అరల్లో పెట్టుకోండి. అచ్చు వెనక పిడి మీద ఒక గుర్తు చెక్కేసుకుంటే పొరపాటుకు తావుండదు.

రెండు అచ్చులు ఒకదానిమీద ఒకటి కూర్చోవాలంటే గీత అచ్చు మూలల్లో కనపడీ కనపడని చుక్కలు ఉంటాయి, నింపే అచ్చును ఆ చుక్కల మీదికి తేవాలి. కన్ను అచ్చు మధ్యలో కాదు, ఆ మూల మీదే ఉండాలి. ఒక మూల ఆనించి మెల్లగా దించి, వెనక అరచేతి మడమతో ఒక్క దెబ్బ. రెండో దెబ్బ కొడితే అచ్చు జరిగి గీత రెండు గీతలవుతుంది.

#16 భూతద్దం

చిరువేరు గారి చివరి మాటకు ఒక్కటి చేరుస్తాను, కొనేవాళ్ళకు పనికొస్తుంది. ఆ మూల చుక్కలు పూర్తయిన బట్టలో కూడా ఉంటాయి. నాలుగు పూల నడుమ ఖాళీలోనో, లత మెలిక పక్కనో వెతకండి. ప్రతి అచ్చుకూ అదే మూలలో కనిపిస్తే, వాటి మధ్య దూరం కొలిస్తే అచ్చు పరిమాణం ఎంతో తెలుస్తుంది. రెండు పక్కపక్క అచ్చుల చుక్కల మధ్య దూరం అన్నిచోట్లా అర మిల్లీమీటరు కూడా మారకపోతే స్క్రీన్ అని అనుమానించండి. అటూ ఇటూ కొంచెం మారుతూ, గీతలు మాత్రం విరగకుండా కలుస్తూ ఉంటే అది తెలిసిన చెయ్యి వేసిన అద్దకం.

#17 అచ్చుప్రియ

అందరికీ ధన్యవాదాలండి. చిరువేరు గారూ, గీత రెండుగా రావడానికి రెండో దెబ్బే కారణమా, బట్ట జరగడం కూడా కావచ్చా?

#18 చిరువేరు

రెండూ కావచ్చు. తేడా ఇలా తెలుస్తుంది: జంట గీత ఒక్క అచ్చులోనే ఉంటే దెబ్బ. వరుసగా నాలుగైదు అచ్చుల్లో ఒకే వైపుకు ఉంటే బట్ట జరిగింది. అప్పుడు బల్ల అంచున బట్టను గుండుసూదులతో ఇంకా దగ్గర దగ్గరగా, జానెడుకొకటి చొప్పున బిగించి, పై నూలు గుడ్డ వదులైందేమో చూసి మళ్ళీ లాగి కట్టండి.